నియామక పత్రంలో వారానికి ఎన్ని పీరియడ్లో రాయించుకోవడం ఎలా?

విశాఖపట్నంలో ప్రైవేటు బడుల ఇంటర్వ్యూలు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో జరుగుతాయి. డెమో క్లాసు చెప్పిస్తారు, జీతం మాట్లాడతారు, జూన్ రెండో వారంలో బడి తెరిచే రోజుకు వచ్చేయమంటారు. మీరు జీతం గురించి అడుగుతారు, పి.ఎఫ్. గురించి అడుగుతారు, గాజువాక నుంచి మధురవాడ దాకా బడి బస్సులో రానిస్తారా అని కూడా అడుగుతారు. వారానికి ఎన్ని పీరియడ్లు చెప్పాలి అని మాత్రం అడగరు.

నేనూ అడగలేదు. నా మొదటి ఉద్యోగంలో ప్రిన్సిపాల్ నోటిమాటగా 28 అన్నారు. ఆగస్టు వచ్చేసరికి పొద్దున జీరో పీరియడ్, సాయంత్రం స్టడీ అవర్, సెలవు పెట్టినవారి తరగతులు అన్నీ కలిసి 39 అయ్యాయి. ఇంటికి వెళ్లి నియామక పత్రం తీసి చూసుకుంటే అందులో అంకె అన్నదే లేదు. యాజమాన్యం అప్పగించిన బోధన, బోధనేతర పనులన్నీ చేయాలి అని ఒక వాక్యం ఉంది. దాని కిందే నా సంతకం ఉంది.

అప్పటి నుంచి చేరిన ప్రతి బడిలోనూ నేను ముందుగా మాట్లాడింది ఆ అంకె గురించే. కొన్నిచోట్ల కుదిరింది, కొన్నిచోట్ల కుదరలేదు. కుదిరిన చోట ఏం చేశానో, కుదరని చోట ఎక్కడ తప్పటడుగు వేశానో ఇక్కడ రాస్తున్నాను. ఈ జూన్‌లో కొత్తగా చేరబోతున్నవారు సంతకం పెట్టేలోపు చదివితే ఎక్కువ ఉపయోగం. ఇప్పటికే పనిచేస్తున్నవారు చివరి భాగం నుంచి మొదలుపెట్టినా సరిపోతుంది.

మొదట మీ వారాన్ని నిమిషాల్లో లెక్కకట్టండి

పీరియడ్లు తగ్గించండి అని ఊరికే అడిగితే పని ఎగ్గొట్టాలని చూస్తున్నారనుకుంటారు. లెక్క చూపించి అడిగితే వినక తప్పదు. అందుకే యాజమాన్యం దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం తీసుకుని కూర్చోండి.

మన ఊళ్లో చాలా బడులు నడిచే పద్ధతినే ఉదాహరణగా తీసుకుందాం. వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది పీరియడ్లు, ఒక్కొక్కటి 40 నిమిషాలు. అంటే వారానికి 48 పీరియడ్లు, 32 గంటలు. మీరు ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెబుతున్నారనుకోండి. ఒక్కో సెక్షన్‌కు వారానికి ఏడు పీరియడ్లు, సెక్షన్‌లో 40 మంది పిల్లలు. ఐదు సెక్షన్లు ఇస్తే 35 పీరియడ్లు, అంటే 23 గంటల 20 నిమిషాలు పిల్లల ముందు నిలబడాలి. ఇంతవరకే యాజమాన్యం చూస్తుంది.

మిగతాది మీరు చూపించాలి. ఐదు సెక్షన్లకు 200 నోటుపుస్తకాలు. ఒక్కోదానికి రెండే నిమిషాలు వేసుకున్నా, వారానికి ఒక్కసారే దిద్దినా 6 గంటల 40 నిమిషాలు. వారానికొక స్లిప్ టెస్టు పెడితే 200 పేపర్లు, ఒక్కోటి మూడు నిమిషాల చొప్పున 10 గంటలు. రెండు తరగతులకు కలిపి స్లిప్ టెస్టు పీరియడ్లు పోను 12 కొత్త పాఠాలు తయారు చేసుకోవాలి. అరగంట చొప్పున అది ఆరు గంటలు. మొత్తం 46 గంటలు. ఇందులో క్లాస్ టీచర్ పని లేదు, తల్లిదండ్రులతో మాట్లాడటం లేదు, ప్రోగ్రెస్ కార్డులు లేవు, సబ్‌స్టిట్యూషన్ (సెలవు పెట్టినవారి తరగతులకు వెళ్లడం) లేదు.

ఇదే లెక్క నాలుగు సెక్షన్లకు వేయండి. 28 పీరియడ్లకు 18 గంటల 40 నిమిషాలు, నోటుపుస్తకాలకు 5 గంటల 20 నిమిషాలు, స్లిప్ టెస్టులకు 8 గంటలు, పాఠాల తయారీకి 6 గంటలు. మొత్తం 38. ఒక్క సెక్షన్ తేడాతో వారానికి ఎనిమిది గంటలు మారిపోయాయి, అంటే ఒక పూర్తి పనిరోజు. మీ సబ్జెక్టు, మీ తరగతులు, మీ సెక్షన్లలో పిల్లల సంఖ్య వేసుకుని మీ అంకెలు మీరే రాబట్టుకోండి. తెలుగు, ఇంగ్లీషు చెప్పేవారికి వ్యాసాలు దిద్దడానికి నా లెక్కకన్నా ఎక్కువ సమయమే పడుతుంది. సైన్సువారు ప్రయోగాలకు సిద్ధం చేసే సమయాన్ని కలుపుకోవాలి.

ఈ కాగితం జాగ్రత్తగా ఉంచుకోండి. మీకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఎలాగూ ఇదే: 28 పీరియడ్లే చెబితే మిగతా 20 పీరియడ్లు ఖాళీగా కూర్చుంటారా? జవాబు మీ చేతిలోనే ఉంది. 20 లీజర్ పీరియడ్లంటే 13 గంటల 20 నిమిషాలు. నాలుగు సెక్షన్ల నోటుపుస్తకాలు, స్లిప్ టెస్టులు దిద్దడానికి పట్టేదీ సరిగ్గా 13 గంటల 20 నిమిషాలే. ఒక్క నిమిషం మిగలదు. పాఠాల తయారీ అప్పటికీ ఇంటికే వస్తుంది, రాత్రికి గంట చొప్పున. అదే 35 పీరియడ్లయితే ఇంటికి వచ్చే పని రాత్రికి 2 గంటల 20 నిమిషాలు అవుతుంది. ఆ పని చేసేది వంట అయ్యాక, పిల్లలు పడుకున్నాక. అలా రాత్రి పదకొండింటికి దిద్దిన పుస్తకంలో తప్పు దొర్లితే నష్టపోయేది ఆ పిల్లవాడు.

చట్టం ఎంతవరకు తోడు వస్తుందో తెలుసుకోండి

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఉపాధ్యాయుడి వారపు పనిగంటల ప్రస్తావన ఉంది. కనీసం 45 గంటలు అంటుంది. ఈ 45 అన్న అంకెను చూపించి ఎక్కువ తరగతులు అప్పగించే యాజమాన్యాలు ఉన్నాయి కాబట్టి ఆ వాక్యాన్ని మీరు పూర్తిగా చదివి ఉండాలి. పాఠాలకు సిద్ధమయ్యే సమయంతో కలిపి 45 గంటలు అని అందులో స్పష్టంగా ఉంది. అంటే తయారీ కూడా పనే అని చట్టమే ఒప్పుకుంది. పైన వేసిన లెక్కలో తయారీ గంటలను ఎందుకు కలిపారో చెప్పడానికి ఇదే మీ మొదటి ఆధారం. అయితే ఆ 45 గంటల్లో తరగతి గదిలో ఎన్ని ఉండాలో చట్టం విడదీసి చెప్పలేదు. పైగా ఆ చట్టం పరిధి ఎనిమిదో తరగతి వరకే. కాబట్టి గరిష్ఠ పరిమితి కావాలంటే దాన్ని మీ ఒప్పందంలోకి మీరే తెచ్చుకోవాలి.

డిగ్రీ కళాశాలల వారికి మరికొంత గట్టి ఆధారం ఉంది. యు.జి.సి. (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం అధ్యాపకుడి వారపు పని 40 గంటలు. అందులో ప్రత్యక్ష బోధన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కు, ప్రొఫెసర్‌కు 14 గంటలు. ఆంధ్రా విశ్వవిద్యాలయం పరిధిలోని ప్రైవేటు డిగ్రీ కళాశాలలో చేరుతున్నవారు ఆ నిబంధనల్లోని ఈ పేజీ ప్రతిని వెంట తీసుకెళ్లండి. ఇంటర్ కళాశాలల లెక్చరర్లకు ఈ నిబంధనలు వర్తించవు. ద్వారకానగర్ చుట్టుపక్కల ఇంటర్, ఎంట్రన్స్ శిక్షణ సంస్థల్లో పనిచేసే మిత్రుల పరిస్థితి అందుకే మరీ కష్టం. ఉదయం స్టడీ అవర్ నుంచి రాత్రి సందేహాల తరగతి దాకా వారి రోజుకు అడ్డుకట్ట వేసేది నియామక పత్రం ఒక్కటే.

లేబర్ కోర్టుకు వెళ్లవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. గోవాకు చెందిన ఒక ఉపాధ్యాయురాలి కేసులో 1988లో సుప్రీంకోర్టు, అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఉపాధ్యాయులు కార్మికుల నిర్వచనంలోకి రారని తేల్చింది. ఈ తీర్పు నాకు ఎప్పుడూ బాధగానే అనిపిస్తుంది. బోధనను గౌరవిస్తూ చెప్పిన మాటలే, ఫ్యాక్టరీ కార్మికుడికి ఉన్న తలుపును మనకు మూసేశాయి. ఉద్యోగం నుంచి తీసేయడం దగ్గర మాత్రం 1982 ఆంధ్రప్రదేశ్ విద్యాచట్టం కొంత రక్షణ ఇస్తుంది. ప్రైవేటు విద్యాసంస్థలో పనిచేసేవారిని శిక్షగా తొలగించాలంటే విచారణ జరపాలని 79వ సెక్షన్ చెబుతుంది, దానిపై అప్పీలుకు 80వ సెక్షన్ దారి చూపుతుంది. పీరియడ్ల సంఖ్య విషయంలో ఈ సెక్షన్లు మీకు నేరుగా ఉపయోగపడవు. అడిగినందుకే తీసేస్తామని ఎవరైనా బెదిరిస్తే గుర్తుంచుకోవలసినవి.

బయటి దేశాల్లో ఈ పరిమితులను ఎలా రాసుకున్నారో ఒకసారి చూడటం మంచిది. అక్కడి జీతాలు మనకు రావు గానీ, వాక్యాలు తీసుకోవచ్చు. స్కాట్లాండ్‌లో 2001 నాటి ఒప్పందం ఉపాధ్యాయుడి వారాన్ని 35 గంటలకు కుదించింది. అందులో తరగతి గంటలు 22.5 మించకూడదు. తరగతిలో గడిపిన సమయంలో కనీసం మూడో వంతు తయారీకి, దిద్దడానికి వదలాలి. ఇంగ్లండ్‌లో 2005 నుంచి టైమ్‌టేబుల్‌లోని బోధనా సమయంలో కనీసం పదో వంతును తయారీకి, దిద్దడానికి బడివేళల్లోనే కేటాయిస్తున్నారు. న్యూయార్క్ నగర ప్రభుత్వ హైస్కూళ్ల ఒప్పందంలో వారానికి 25 బోధనా పీరియడ్లు, వరుసగా మూడు తరగతులకు మించకూడదన్న నియమం ఉన్నాయి. ఈ వరుసగా మూడు అన్న మాట మన ఊరికి మరీ అవసరం. ఏప్రిల్‌లో సముద్రపు ఉక్కపోతలో, రేకుల కప్పు కింద, నాలుగు పీరియడ్లు వరుసగా గొంతెత్తి చెప్పినవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

షరతు రాసేటప్పుడు చూసుకోవలసినవి

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. వారానికి 28 పీరియడ్లు అని రాయించుకుని హాయిగా ఇంటికి వెళ్లిపోతే సరిపోదు. ఆ అంకె చుట్టూ కంచె లేకపోతే ఏడాది తిరక్కుండా అది కరిగిపోతుంది.

మొదట పీరియడ్ అంటే ఎన్ని నిమిషాలో రాయించండి. నాతో పనిచేసిన ఒక తోటి ఉపాధ్యాయురాలు 28 అన్న అంకె సంపాదించుకుని మరో బడిలో చేరారు. దసరా సెలవుల తర్వాత ఆ బడి టైమ్‌టేబుల్ మార్చి పీరియడ్‌ను 40 నుంచి 50 నిమిషాలు చేసింది. కాగితం మీద 28 చెక్కుచెదరలేదు. కానీ 50 నిమిషాల పీరియడ్లు 28 అంటే 1,400 నిమిషాలు. 40 నిమిషాల పీరియడ్లు 35 అన్నా 1,400 నిమిషాలే. ఒక్క సెక్షన్ కూడా పెంచకుండా ఆమెపై ఏడు పీరియడ్ల భారం పడింది. అందుకని అంకె పక్కనే వారానికి మొత్తం 1,120 నిమిషాలకు మించకుండా అని కూడా ఉండాలి.

తర్వాత, లెక్కలోకి ఏమేం వస్తాయో రాయించండి. బోధన అన్న ఒక్క మాట వదిలేస్తే జీరో పీరియడ్ బోధన కాదంటారు, స్టడీ అవర్ పర్యవేక్షణ అంటారు, వెనుకబడిన పిల్లలకు చెప్పే సాయంత్రపు తరగతి సేవ అంటారు. నేను వాడే మాట ఇది: విద్యార్థుల ముందు ఉండవలసిన ప్రతి పని. ఈ నాలుగైదు మాటల్లో అన్నీ వచ్చేస్తాయి. భోజన విరామంలో కాపలా, బస్సులు ఎక్కించే డ్యూటీ కూడా దీంట్లోకి వస్తాయని యాజమాన్యం అభ్యంతరం చెబితే, అవి వారానికి రెండు దాకా ఉచితమని మీరు ఒప్పుకోవచ్చు. అక్కడ పట్టుబట్టి అసలుది పోగొట్టుకోవద్దు.

సబ్‌స్టిట్యూషన్‌కు వేరే గీత గీయండి. ఎవరో ఒకరికి జ్వరం వస్తుంది, ఎవరింట్లోనో పెళ్లి ఉంటుంది, వారి తరగతికి మనం వెళ్లాలి. అది తోటివారికి చేసే సాయం, వద్దనకూడదు. కానీ ఒక ఉపాధ్యాయుడు మానేసి వెళ్లిపోతే ఆ స్థానం నింపకుండా మూడు నెలల పాటు మిగతావారి లీజర్లతో నెట్టుకురావడం సాయం కాదు, జీతం మిగుల్చుకోవడం. కాబట్టి వారానికి సబ్‌స్టిట్యూషన్ రెండు, దానితో కలిపి మొత్తం 30 అని పెట్టండి. ఒకే ఖాళీకి రెండు వారాలకు మించి సర్దుబాటు చేయకూడదని కూడా చేర్చగలిగితే మరీ మంచిది. నాకు ఈ రెండో వాక్యం ఒక్క బడిలోనే దొరికింది.

దాటితే ఏమిటి అన్నది రాయని పరిమితికి విలువ లేదు. రెండు దారులున్నాయి. ఒకటి, దాటినన్ని పీరియడ్లు తర్వాతి వారంలో లీజర్‌గా ఇవ్వడం. రెండు, పీరియడ్‌కు ఇంత అని చెల్లించడం. రేటు మీరే లెక్కకట్టి చూపించండి. నెల జీతం 28,000 రూపాయలు, వారానికి 28 పీరియడ్లు అయితే నాలుగు వారాల లెక్కన నెలకు 112 పీరియడ్లు, పీరియడ్‌కు 250 రూపాయలు. యాజమాన్యాలు డబ్బు కన్నా లీజర్‌కే తొందరగా ఒప్పుకుంటాయి. నన్నడిగితే మీరు కూడా లీజరే తీసుకోండి. డబ్బు రుచి చూపిస్తే అదనపు తరగతులు అలవాటైపోతాయి, పరిమితి పెట్టుకున్న ఉద్దేశమే పోతుంది.

పీరియడ్ల సంఖ్యతో పాటు సెక్షన్ల సంఖ్య, సెక్షన్‌లో పిల్లల సంఖ్య కూడా ఉండాలి. మన పని పెరిగేది పీరియడ్ల వల్లే కాదని పై లెక్కలో చూశారు. 1966లో యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఉపాధ్యాయుల స్థితిగతులపై ఒక సిఫారసు ఆమోదించాయి. అక్టోబరు 5న జరిపే ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం దాని గుర్తుగానే వచ్చింది. బోధనా గంటలు నిర్ణయించేటప్పుడు రోజుకు, వారానికి ఎంతమంది పిల్లలతో పనిచేయాలి, రోజుకు ఎన్ని వేర్వేరు పాఠాలు చెప్పాలి, తయారీకి, దిద్దడానికి ఎంత సమయం కావాలి, తల్లిదండ్రులతో మాట్లాడటానికి ఎంత కావాలి అన్నవన్నీ చూడాలని అందులో ఉంది. అది చట్టం కాదు, కానీ ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టడానికి మర్యాదైన పత్రం.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక వాక్యం కావాలి, తుఫాను సెలవుల గురించి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీద పడినప్పుడు బడులు ఎన్ని రోజులు మూతపడ్డాయో అప్పుడు ఇక్కడ ఉన్నవారికి గుర్తుండే ఉంటుంది. అంత పెద్దది కాకపోయినా దాదాపు ఏటా వానాకాలంలో, అక్టోబరు, నవంబరుల్లో కొన్ని సెలవులు తప్పవు. విద్యాహక్కు చట్టం ఐదో తరగతి వరకు ఏడాదికి 200, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 పనిదినాలు ఉండాలంటుంది కాబట్టి ఆ తరగతులను భర్తీ చేయడం న్యాయమే. అయితే భర్తీ తరగతులు వారానికి నాలుగు పీరియడ్లకు మించకుండా, వరుసగా రెండు ఆదివారాలు రాకుండా ఉండాలని రాయించండి. పిల్లలకూ అదే మంచిది.

వేసవిలో అడ్మిషన్ల ప్రచారానికి ఇల్లిల్లూ తిరిగే పని గురించి కూడా ఒక మాట. దాన్ని పూర్తిగా తీసేయించడం కొత్తగా చేరేవారికి కష్టం. ఎన్ని రోజులో అంకె వేయించండి, చాలు.

ఇవన్నీ కలిపితే షరతు ఇలా ఉంటుంది:

"ఉపాధ్యాయురాలికి టైమ్‌టేబుల్ ప్రకారం వారానికి 28 పీరియడ్లకు, 1,120 నిమిషాలకు మించి కేటాయించరాదు. పీరియడ్ అంటే 40 నిమిషాలు. జీరో పీరియడ్, స్టడీ అవర్, సందేహాల తరగతి సహా విద్యార్థుల ముందు ఉండవలసిన ప్రతి పని ఈ లెక్కలోకి వస్తుంది. రోజుకు ఆరు, వరుసగా మూడు పీరియడ్లు మించరాదు. సబ్‌స్టిట్యూషన్ వారానికి రెండు, దానితో కలిపి మొత్తం 30 పీరియడ్లు మించరాదు. నాలుగు సెక్షన్లకు మించి అప్పగించరాదు. సెక్షన్‌లో విద్యార్థులు 40 మంది దాటితే ఒక పీరియడ్ తగ్గించాలి. పై పరిమితులు దాటిన ప్రతి పీరియడ్‌కు తర్వాతి వారంలో ఒక లీజర్ పీరియడ్ ఇవ్వాలి. సెలవుల భర్తీ తరగతులు వారానికి నాలుగు పీరియడ్లకు మించరాదు, ఈ లెక్కకు వేరుగా నమోదు కావాలి. ఇతర పనులన్నీ ఈ పరిమితులకు లోబడి ఉంటాయి."

చివరి వాక్యాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. యాజమాన్యం అప్పగించిన పనులన్నీ చేయాలి అన్న పాత వాక్యం ఆ పత్రంలో ఎలాగూ ఉంటుంది. దాన్ని కొట్టివేయించడం సాధ్యం కాకపోవచ్చు, ఈ వాక్యంతో దానికి కళ్లెం వేయవచ్చు. నియామక పత్రం ఇంగ్లీషులో ఉంటే ఈ షరతును కూడా ఇంగ్లీషులోనే పెట్టించండి. ఒకే పత్రంలో రెండు భాషలుంటే రేపు అర్థం దగ్గర పేచీ వస్తుంది.

అడిగే తీరు

ఇంటర్వ్యూలో జీతం మాట పూర్తయ్యాక, చేరతానని చెప్పే ముందు అడగాలి. ఆ నడిమి ఐదు నిమిషాలే మీకు బలం ఉండే సమయం. జూన్‌లో బడి తెరిచాక మీ పేరు టైమ్‌టేబుల్‌లో ఎక్కిపోతుంది, అప్పుడు ఎవరూ వినరు.

సంభాషణ దాదాపు ఇలా నడుస్తుంది.

"సర్, వారానికి ఎన్ని పీరియడ్లు ఉంటాయి?"

"అది టైమ్‌టేబుల్ వేశాక తెలుస్తుందమ్మా. అందరికీ ఎంతో మీకూ అంతే."

ఇక్కడ చాలామంది సరే సర్ అని ఆగిపోతారు. ఆగకండి. "అందరికీ ఎంత ఉంటాయో ఆ అంకెనే పత్రంలో రాయండి సర్, నాకు వేరేగా ఏమీ వద్దు" అనండి. ఇందులో కోరిక లేదు, వారు చెప్పిన మాటనే కాగితం మీదకు తెమ్మంటున్నారు. కాదనడానికి వారికి కారణం దొరకదు. నిజంగా అందరికీ 36 ఉంటే అప్పుడే బయటపడుతుంది, మీకూ ముందే తెలుస్తుంది.

"మా దగ్గర ఇలా రాసే పద్ధతి లేదు" అంటే మీ లెక్క కాగితం తీయండి. పిల్లల నోటుపుస్తకాలు వారం వారం దిద్ది ఇస్తానని, అందుకు ఇన్ని లీజర్లు కావాలని చెప్పండి. కరెస్పాండెంట్‌కు కావలసింది తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదులు రాకపోవడం. తల్లిదండ్రులు మొదట తిరగేసేది నోటుపుస్తకమే. మీ అలసట గురించి కాక దిద్దిన పుస్తకం గురించి మాట్లాడితే వారికీ అర్థమవుతుంది. నేను మొదట్లో చేసిన తప్పు ఇదే. ఆరోగ్యం గురించి మాట్లాడాను, అవతలివారు జాలిపడి టీ ఇప్పించారు, అంకె మాత్రం ఇవ్వలేదు.

పత్రంలో రాయడానికి ససేమిరా అంటే, మాట్లాడుకున్న విషయాన్ని ఆ సాయంత్రమే మెయిల్‌లో పంపండి. "ఈరోజు మనం మాట్లాడుకున్నట్టు వారానికి 28 పీరియడ్లు, నాలుగు సెక్షన్లు అన్న అవగాహనతో చేరుతున్నాను. ఇందులో తేడా ఉంటే దయచేసి తెలియజేయండి" అని రెండు వాక్యాలు చాలు. జవాబు రాకపోయినా మీ దగ్గర తేదీతో సహా ఒక ఆధారం ఉంటుంది.

అదే రోజు మరో రెండు విషయాలు చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, జిరాక్స్‌లు ఇవ్వండి, ఒరిజినల్స్ మాత్రం వదిలి రావద్దు. సర్టిఫికెట్లు వారి బీరువాలో ఉంటే పరిమితి దాటినప్పుడు మీరు గట్టిగా ఒక్క మాట అనలేరు. ఏడాది మధ్యలో మానేస్తే ఇన్ని నెలల జీతం కట్టాలనే బాండు ఉంటే, యాజమాన్యం పై పరిమితులను పాటించనప్పుడు ఆ బాండు వర్తించదని ఒక వాక్యం చేర్పించండి. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత మొత్తం రాసి ఉన్నా, ఆ మొత్తానికి లోబడి సమంజసమైన పరిహారమే రాబట్టగలరు. అంటే రాసిందంతా కట్టి తీరాలని భయపడనక్కరలేదు.

చేరాక నోటుపుస్తకం ఒకటి పెట్టండి

జూన్ చివరికల్లా టైమ్‌టేబుల్ స్థిరపడుతుంది. స్టాఫ్‌రూమ్ గోడ మీద అతికించిన రోజే ఫోటో తీసుకోండి. మార్చిన ప్రతిసారీ మళ్లీ తీసుకోండి. చిన్న నోటుపుస్తకంలో రోజూ ఐదు విషయాలు రాయండి: తేదీ, టైమ్‌టేబుల్ పీరియడ్లు, సబ్‌స్టిట్యూషన్, తరగతికి ముందూ తర్వాతా చేసిన పని, మొత్తం. రాయడానికి ఒక్క నిమిషం పడుతుంది. సబ్‌స్టిట్యూషన్ రిజిస్టర్‌లో సంతకం పెట్టేటప్పుడు ఎవరి బదులు వెళుతున్నారో కూడా రాయండి. వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చే సర్దుబాటు సందేశాలు కొన్ని రోజులకు కనిపించకుండా పోవచ్చు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఒక వారం 32 వస్తే గొడవపడకండి. పరీక్షల సమయంలో, వార్షికోత్సవానికి ముందు అలా జరుగుతుంది. వరుసగా మూడు వారాలు దాటితే అప్పుడు కదలండి.

దాటినప్పుడు

మొదట ఇన్‌చార్జితో నోటిమాటగా చెప్పండి. టైమ్‌టేబుల్ వేసేది వారే. చాలాసార్లు వారికి మీ మొత్తం ఎంతైందో తెలియదు. మీ నోటుపుస్తకం చూపిస్తే రెండు పీరియడ్లు అక్కడికక్కడే సర్దేవారు ఉన్నారు. వారు కూడా ఉపాధ్యాయులే, వారి మీదా పైనుంచి ఒత్తిడి ఉంటుంది.

కదలిక లేకపోతే ప్రిన్సిపాల్‌కు లేఖ రాయండి. ఫిర్యాదులా కాకుండా అభ్యర్థనలా ఉండాలి, కానీ అంకెలు పూర్తిగా ఉండాలి. ఉదాహరణకు:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, నా నియామక పత్రంలో వారానికి 28 పీరియడ్లు, సబ్‌స్టిట్యూషన్‌తో 30 అని ఉంది. గత నాలుగు వారాల్లో వరుసగా 33, 34, 33, 35 పీరియడ్లు తీసుకున్నాను. అంటే పరిమితి కన్నా 15 పీరియడ్లు ఎక్కువ. వివరాల పట్టిక జతచేశాను. ఒప్పందం ప్రకారం 15 లీజర్ పీరియడ్లు రాబోయే వారాల్లో కేటాయించవలసిందిగా, తొమ్మిదో తరగతి సి సెక్షన్‌ను వేరొకరికి అప్పగించవలసిందిగా కోరుతున్నాను."

రెండు ప్రతులు తీసి ఒకదాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. సంతకం పెట్టకపోతే మెయిల్ చేయండి. లేఖలో కోరిక ఎప్పుడూ ఒకటో రెండో స్పష్టమైన పనులై ఉండాలి. న్యాయం చేయండి అని రాస్తే ఏం చేయాలో వారికి తెలియదు.

ఒంటరిగా రాసిన లేఖ కన్నా నలుగురు కలిసి రాసినది బాగా పనిచేస్తుంది. మీ సబ్జెక్టువారితో మొదలుపెట్టండి, ఎందుకంటే ఒకరి పీరియడ్లు తగ్గితే అవి మొదట వెళ్లేది వారి మీదకే. నాకు తగ్గించండి అని మీరు, నా మీద వేయకండి అని వారు విడివిడిగా వెళితే యాజమాన్యం హాయిగా ఉంటుంది. ఇద్దరూ కలిసి మరో ఉపాధ్యాయుడిని తీసుకోండి అని అడగాలి. సి.బి.ఎస్.ఇ. బడులకైతే దీనికి మంచి ఆధారం ఉంది. 2018 అనుబంధ (అఫిలియేషన్) నిబంధనల ప్రకారం ప్రిన్సిపాల్, వ్యాయామ ఉపాధ్యాయుడు, కౌన్సెలర్ కాకుండా ఒక్కో సెక్షన్‌కు 1.5 చొప్పున ఉపాధ్యాయులు ఉండాలి. మీ బడిలో 20 సెక్షన్లుంటే 30 మంది అన్నమాట. తలలు లెక్కపెట్టి చూడండి. తక్కువగా ఉంటే మీ పీరియడ్లు ఎందుకు పెరిగాయో వేరే కారణం వెతకనక్కరలేదు.

బడిలో పరిష్కారం దొరకకపోతే మండల విద్యాధికారికి, ఆపైన జిల్లా విద్యాశాఖాధికారికి వినతిపత్రం ఇవ్వవచ్చు. మహారాణిపేటలోని కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే అర్జీకి నంబరు వస్తుంది, తర్వాత దాని సంగతి అడగడానికి వీలుంటుంది. నియామక పత్రం ప్రతి, టైమ్‌టేబుల్ ఫోటోలు, మీ పట్టిక, ప్రిన్సిపాల్‌కు రాసిన లేఖ వరుసగా పెట్టి ఇవ్వండి. ఇంత పని చేసే ముందు ఆ ఉద్యోగం మీకు ఎంత అవసరమో, చేతిలో మరో అవకాశం ఉందో లేదో ఇంట్లోవారితో కూర్చుని ఆలోచించుకోండి. ఉద్యోగం మీద ఇల్లు నడుస్తున్నవారు ఏప్రిల్ దాకా ఓపిక పట్టి పట్టిక రాస్తూ ఉండటం పిరికితనం కాదు.

ఏప్రిల్‌లో

బడి ఏడాది ముగిసేటప్పుడు వచ్చే ఏటికి ఉంటారా అని అడుగుతారు, అందరితోపాటు ఇంత శాతం జీతం పెంచామంటారు. అప్పుడు మీ నోటుపుస్తకం తీసి ఏడాది సగటు చెప్పండి. 28కి జీతం ఇచ్చి 34 చెప్పించుకుంటే, పదిశాతం పెంచినా పీరియడ్ రేటు తగ్గినట్టే. 28,000కు 112 పీరియడ్లయితే 250. 30,800కు 136 పీరియడ్లయితే 226. ఈ రెండు అంకెలు ఒక చీటీ మీద రాసి బల్ల మీద పెట్టి, ఏది మారుస్తారో వారినే అడగండి: జీతమా, సెక్షనా? సెక్షన్ అంటే కొత్త పత్రంలో ఆ అంకె పడేదాకా కుర్చీలోంచి లేవకండి.